కలకత్తా పాత ఇళ్లు చూడబోతున్న మేనల్లుడికి

చి॥ వాసుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన జాబితా చూశాను. ఆరు రోజుల్లో పద్దెనిమిది ఇళ్లు రాసుకున్నావు. ఒక్కోచోట ఇరవై నిమిషాలు ఆగి బయల్దేరడానికి అవి ప్యాసింజరు బండి స్టేషన్లు కావురా. రోజుకి రెండు, అంతకుమించి వద్దు. పొద్దున పెద్ద ఇల్లు, మధ్యాహ్నం చిన్న ఇల్లు. మూడోది కలిపితే ఏ మంచం ఎవరిదో, ఏ మేడమెట్లు ఎక్కడివో రాత్రికి కలగాపులగం అయిపోతాయి. పైగా మీ అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలుసు. ఈ ఇళ్లలో లిఫ్టులుండవు. మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. కొన్నిచోట్ల పట్టుకోవడానికి కమ్మీ కూడా ఒకవైపే.

దూరాలు తర్వాత చూసుకుందువుగాని, ముందు సెలవు రోజులు చూసుకో. జొరాసాంకో ఠాకూర్‌బాడీ, అంటే రవీంద్రనాథ్ ఠాకూర్ ఇల్లు, నేతాజీ భవన్, వివేకానందుడి పుట్టిల్లు సోమవారం మూసేస్తారు. మార్బుల్ ప్యాలెస్‌కి సోమవారంతో పాటు గురువారం కూడా సెలవు. శాంతినికేతన్‌లో వారం సెలవు బుధవారం, ఎందుకంటే ఆ రోజు పొద్దున అక్కడి అద్దాల మందిరంలో ఉపాసన. ఆదివారం సాయంత్రం దిగి సోమవారం ఉత్సాహంగా బయల్దేరి, మూసిన గేట్ల ముందు ఫొటోలు దిగి వచ్చేవాళ్లు కోకొల్లలు. ఈ సెలవుల చుట్టూ నీ ఆరు రోజుల్నీ ఇలా అల్లాను: సోమవారం దక్షిణేశ్వరం, రామకృష్ణ మఠం ఉన్న బేలూరు. మంగళవారం జొరాసాంకో, వివేకానందుడి ఇల్లు. బుధవారం మార్బుల్ ప్యాలెస్, నేతాజీ భవన్. గురువారం దేవుల్తీలో నవలల శరత్‌బాబు ఇల్లు. శుక్ర, శనివారాలు శాంతినికేతన్. వేళలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందురోజు ఫోన్ చేసి కనుక్కో. జనవరిలో వెళ్తున్నావు గనక 12న వివేకానందుడి ఇంటికి, 23న నేతాజీ భవన్‌కి పోవద్దు. పుట్టినరోజు జనంలో తల్లో పువ్వు కనబడుతుంది గాని ఇల్లు కనబడదు.

బండి సంగతి. సికింద్రాబాదు నుంచి ఫలక్‌నుమా ఎక్కితే హౌరాలో దిగుతావు. ఈస్ట్ కోస్ట్ ఎక్కితే షాలీమార్‌లో దింపుతుంది, అక్కడ మెట్రో లేదు, సామాన్లతో టాక్సీ వెతుక్కోవాలి. హౌరా స్టేషన్ కిందే మెట్రో ఉంది. అది గంగ అడుగునుంచి ఎస్ప్లనేడ్‌కి తీసుకెళ్తుంది, చిన్నాడికి అదే ఒక వింత. ఎస్ప్లనేడ్‌లో దక్షిణేశ్వరం లైనుకి మారొచ్చు. నువ్వు చూడబోయే సిటీ ఇళ్లన్నీ దాదాపు ఈ ఒక్క లైను పక్కనే ఉన్నాయి. అందుకని హోటల్ ఎక్కడ తీసుకున్నా ఆ లైనులో ఏదో ఒక స్టేషన్‌కి నడిచిపోయే దూరంలో తీసుకో. ఉత్తర కలకత్తాలో కారు వల్ల లాభం లేదు. వీధులు ఇరుకు, సగం వన్‌వేలు, ఆ వన్‌వేలు కూడా పూటకో దిక్కు.

ఇంక అసలు విషయం, ఇల్లు ఎలా చూడాలో. గాజుపెట్టెలో పెన్ను, కళ్లజోడు ఏ మ్యూజియంలోనైనా ఉంటాయి. ఇంటికెళ్లినప్పుడు ఇల్లే చూడాలి. గేటు దగ్గరే ఆగి వీధి గోడ చూడు. గుమ్మానికి అటూ ఇటూ మన అరుగుల్లాంటివి ఉంటాయి, వాళ్లు 'రొయాక్' అంటారు. సాయంత్రం మగవాళ్లు చేరి కబుర్లు చెప్పుకునే చోటు, వాళ్ల 'అడ్డా' పుట్టింది అక్కడే. లోపలికెళ్తే నలుచదరపు వాకిలి, 'ఉఠాన్'. మన మండువా గుర్తొస్తుంది గాని తేడా ఉంది. మన మండువాలో నాలుగువైపులా పెంకుటి కప్పు లోపలికి వాలి వాననీళ్లు నడిమి గుంటలో పడతాయి. వీళ్లవి సమంగా ఉండే డాబాలు, నీళ్లు గొట్టాల్లోంచి దిగుతాయి. అందుకని వీళ్ల ఉఠాన్ నీళ్లకోసం కాదు, పూజకోసం, పెళ్లిళ్లకోసం, వాళ్ల వీధినాటకం జాత్రా ఆడించడం కోసం. ఒక పక్కన మూడో అయిదో కమానులతో నాలుగడుగుల ఎత్తు మీద ఉండేది ఠాకూర్ దాలాన్. దుర్గ విగ్రహాన్ని నిలబెట్టేది అందులోనే. మేడ మీద వరండాల్లో చెక్కపలకల కిటికీలు చూడు, 'ఖడ్‌ఖడి' అంటారు. నడిమి నిలువు కర్రను పైకెత్తితే అడ్డపలకలన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. గాలి రావాలి, ఎండ రాకూడదు, కింద ఉఠాన్‌లో జరిగే పూజ ఆడవాళ్లు చూడాలి, వాళ్లు మాత్రం ఎవరికీ కనిపించకూడదు. ఆ మూడు పనులూ ఆ ఒక్క కర్ర చేసేది. బయటి భాగంలో మగవాళ్ల బైఠక్‌ఖానా, లోపలివైపు ఆడవాళ్ల అందర్‌మహల్. ఏ గదిలో నిలబడ్డా ఇది ఎవరి వైపు అని అడుగు. ఆ ప్రశ్న వేసుకుంటే సగం ఇల్లు దానంతటదే అర్థమవుతుంది.

తల పైకెత్తి కప్పు చూడటం మరిచిపోకు. పెద్ద దూలాల మీద అడ్డంగా చిన్న వాసాలు, వాటిమీద ఇటుక బిళ్లలు, ఆపైన సున్నం-సుర్కీ. దాన్ని 'కొడి-బర్గా' అంటారు. మన ఊళ్లలో మద్రాసు టెర్రస్ డాబా చూసినవాడికి ఇది చుట్టమే. సుర్కీ అంటే ఇటుక పొడి. సున్నంలో కలిపితే గోడ చెమ్మ పీల్చుకుని మళ్లీ ఆరబెట్టుకునేది. తర్వాతి కాలంలో తెలిసీ తెలియక సిమెంటు పూసినచోట చెమ్మ లోపలే చిక్కుకుపోతుంది, నేలనుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా చవుడు పొంగి పూత పొరలుగా రాలుతుంది. అలాంటి గోడ కనిపిస్తే అది పాతబడి పాడైందనుకోవద్దు, మరమ్మతు వల్ల పాడైంది. ఇనుప దూలాలున్న చోట తుప్పు ఉబ్బి కప్పు పగులుతుంది, చూరుల్లో రావి మొక్క వేరు తన్నుతుంది. చిన్నాడికి ఈ మూడూ వెతికే పని అప్పజెప్పు. ఒక్కో ఇంట్లో ఎన్ని దొరికాయో రాసుకుంటాడు, నీ చెయ్యి పట్టుకు లాగడు.

సోమవారం పొద్దున వీలైనంత తొందరగా దక్షిణేశ్వరం మెట్రో దిగండి. రాణీ రాసమణి 1855లో కట్టించిన గుడి అది. దర్శనం క్యూ చూసి బెదిరిపోయి చాలామంది అసలు చూడాల్సిన రెండు గదుల్ని వదిలేస్తారు. ఒకటి గుడి ఆవరణలో వాయవ్య మూల రామకృష్ణ పరమహంస ఉన్న గది. రెండోది నహబత్, పూర్వం సన్నాయి వాయించే చిన్న కట్టడం. దాని కింది గదిలో పరమహంస భార్య శారదాదేవి ఏళ్లతరబడి ఉన్నారు. ఎనిమిది మూలల గది, విస్తీర్ణం యాభై చదరపు అడుగులకు మించదు. అందులోనే పడక, అందులోనే సామాన్లు, అందులోనే అతిథి స్త్రీలు. గుమ్మం ఎంత పొట్టిదో తల వంచి చూస్తేనే తెలుస్తుంది. ఆరు రోజుల్లో ఏ మహలూ మీ అమ్మకి ఈ గదంత గుర్తుండదు, పందెం. ఫోన్లు, బ్యాగులు బయట కౌంటర్లో ఇవ్వాలి, అందుకని చీటీ జాగ్రత్త. అక్కడినుంచి పడవలో బేలూరు వెళ్లండి, రోడ్డుకన్నా సుఖం. పదకొండు లోపల చేరాలి. రామకృష్ణ మఠం వాళ్లవన్నీ మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. వివేకానందుడు 1902 జులై 4న కన్నుమూసిన మేడ గది అలాగే ఉంచారు. బయటినుంచే చూడాలి, గుంపులో ఒకరినొకరు తోసుకోకుండా ఓపిగ్గా నిలబడాలి.

ఆ మధ్యాహ్నం ఖాళీగా కూర్చోవద్దు. బీబీడీ బాగ్‌లో పశ్చిమ బెంగాల్ టూరిజం ఆఫీసుకి వెళ్లి మార్బుల్ ప్యాలెస్‌కి అనుమతి చీటీ రాయించుకో. షేక్స్‌పియర్ సరణిలోని కేంద్ర పర్యాటక కార్యాలయంలో కూడా ఇస్తారు. ఒకరోజు ముందు తీసుకోవాలి, అందుకే ఆ ఇంటిని బుధవారానికి పెట్టాను. అందరి పేర్లూ, ఒకరి గుర్తింపు కార్డు నకలూ సరిపోతాయి. చీటీ లేకుండా వెళ్లినవాళ్లకి గేటు దగ్గర ఎవరో ఒకరు 'నేను లోపలికి పంపిస్తా' అంటూ చెయ్యి చాపుతారు. ఆ బేరం నీకెందుకు? చీటీ ఉంటే లోపలికి రుసుమే లేదు.

మంగళవారం జొరాసాంకో. గిరీశ్ పార్క్ మెట్రోలో దిగి పది నిమిషాలు నడక. దారిలో ఎవరినైనా 'ఠాకూర్‌బాడీ' అని అడుగు. 'టాగోర్ హౌస్' అంటే రిక్షావాడు తికమక పడతాడు. పదిన్నరకి తెరుస్తారు, తెరవగానే లోపల ఉండు. పన్నెండు దాటితే బడిపిల్లల బస్సులు వచ్చేస్తాయి. చెప్పులు విప్పాలి, జనవరిలో రాతిగచ్చు చల్లగా జివ్వుమంటుంది, మీ అమ్మకి మేజోళ్లు పెట్టు. లోపలి గదుల్లో ఫొటోలు తియ్యనివ్వరు. పోనీలే, మంచిదే.

ఆ ఇంటి పునాది నీలమణి ఠాకూర్ 1784లో వేశాడు. దాన్ని పెద్ద ఇంటిగా చేసినవాడు ద్వారకానాథుడు, రవీంద్రుడి తాత. రవీంద్రుడు 1861 మే 7న ఈ ఇంట్లోనే పుట్టాడు, 1941 ఆగస్టు 7న ఈ ఇంట్లోనే పోయాడు. పుట్టిన గది, పోయిన గది ఒకే కప్పు కింద నడిచి చూడగలిగే ఇళ్లు ఎక్కడో గాని ఉండవు. అందుకని చూసే వరస నువ్వు పెట్టుకో. ముందు కింద ఠాకూర్ దాలాన్. దుర్గాపూజలు జరిగిన చోటది, కాని రవీంద్రుడి తండ్రి దేవేంద్రనాథుడు బ్రహ్మసమాజంలోకి వెళ్లాక విగ్రహం ఆగిపోయింది, అక్కడే నిరాకార ఉపాసన మొదలైంది. విగ్రహం నిలబెట్టడానికి కట్టిన కమానుల్లో విగ్రహం లేకపోవడమే ఆ ఇంటి చరిత్ర. రాజమండ్రిలో కందుకూరి వారి ఇల్లు చూసినవాళ్లకి ఆ గాలి ఎటునుంచి వీచిందో ఇక్కడ తెలుస్తుంది.

తర్వాత మేడమీద మృణాళినీదేవి వంటగది. రవీంద్రుడి భార్య, 1902లో ఈ ఇంట్లోనే చిన్నవయసులో పోయింది. ఆ తర్వాత ఆయన చివరి రోజుల గదులు. 1941 జులై 25న శాంతినికేతన్ నుంచి ఆయన్ని ఇక్కడికి తెచ్చారు. ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంట్లోనే వరండాని శుభ్రం చేసి జులై 30న ఆపరేషన్ చేశారు. ఆ పొద్దునే ఆయన తన ఆఖరి కవిత చెప్పి రాయించాడు. ఆ వరండా ఎంత సన్నగా ఉందో చూడు, అప్పుడు కవితకన్నా ముందు ఆ డాక్టర్ల ధైర్యం గుర్తొస్తుంది. జపాన్, చైనా గ్యాలరీలు కూడా ఉన్నాయి. బాగానే ఉన్నాయి గాని వాటిమీద గంట పోగొట్టుకోకు, ఓపిక మిగిలితే చివర్లో చూడు. రెండు గంటలు ఈ ఇంటికి సరి. పక్కనే అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ అన్నదమ్ముల ఇల్లు ఉండేది, అయిదో నంబరు. బెంగాల్ చిత్రకళ ఊపిరి పోసుకున్న ఇల్లు, దాన్ని కూల్చేశారు. నువ్వు చూసేది ఆరో నంబరు, అది చూస్తూ అయిదో నంబరు లేదని తెలుసుకో. చిన్నాడికి ఒక మాట చెప్పు, వాడు బళ్లో పాడే 'జనగణమన'ని రవీంద్రుడు ఇంగ్లీషులోకి తిప్పింది మన మదనపల్లెలో, 1919లో.

భోజనం చేసి గిరీశ్ పార్క్‌కి తూర్పుగా వివేకానందుడి పుట్టింటికి నడవండి. ఇది కూడా రామకృష్ణ మిషన్ వాళ్లదే, మధ్యాహ్నం కాసేపు మూస్తారు, రెండు తర్వాత వెళ్తే సరి. దశాబ్దాలపాటు అద్దెదార్లు, దుకాణాలు నిండి శిథిలమైపోయిన ఇంటిని ఖాళీ చేయించి తిరిగి నిలబెట్టి 2004లో తెరిచారు. అందుకని అక్కడ కొంత కొత్తదనం మెరుస్తుంది. తప్పు పట్టక్కర్లేదు గాని, ఏది పాత గోడ, ఏది తిరిగి కట్టిన గోడ అని అడిగి తెలుసుకో. ముప్పావు గంట చాలు.

బుధవారం పదింటికి మార్బుల్ ప్యాలెస్. మహాత్మా గాంధీ రోడ్డు మెట్రో దిగి ముక్తారామ్ బాబూ వీధి అడుగు. రాజేంద్ర మల్లిక్ 1835లో కట్టించాడు. ముందువైపు గ్రీకు గుడిలాంటి స్తంభాలు, లోపలికెళ్తే మళ్లీ అదే బెంగాలీ ఉఠాన్, అదే ఠాకూర్ దాలాన్. ఒంటిమీద సూటు వేసుకుని లోపల జంధ్యం దాచుకున్న మనిషిలా ఉంటుంది. నేలమీద రకరకాల పాలరాయి పొదిగారు, పేరు దాన్నిబట్టే వచ్చింది. ఒకే చెట్టు మానులోంచి తొలిచిన విక్టోరియా రాణి విగ్రహం, నిలువెత్తు అద్దాలు, షాండ్లియర్లు, యూరప్ చిత్రకారుడు రూబెన్స్ పేరుతో ఉన్న పటాలు, అన్నీ కిక్కిరిసి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఇది మ్యూజియం కాదు, ఆ వంశం వాళ్లు ఇప్పటికీ కాపురమున్న ఇల్లు. నీకు చూపించేది ఒక భాగం. తెరలు వేసిన తలుపుల్లోకి తొంగి చూడొద్దు, పటాల మీద దుమ్ము గురించి పెద్దగొంతుతో వ్యాఖ్యానాలు వద్దు, ఫోను జేబులోంచి తియ్యొద్దు. వెంట తిరిగే మనిషి గబగబా నడిపిస్తాడు. వాడితో పోట్లాడకుండా చివర్లో ఏదో పాతిక, యాభై చేతిలో పెట్టు, అదీ నీ ఇష్టం.

మళ్లీ అదే మెట్రో లైనులో దక్షిణంగా వస్తే నేతాజీ భవన్ స్టేషన్. ఎల్గిన్ రోడ్డులో జానకీనాథ్ బోస్ 1909లో కట్టించిన ఇల్లు. ఇక్కడ చూడాల్సిన వస్తువు దారి. 1940 డిసెంబరులో జైల్లో నిరాహారదీక్ష తర్వాత సుభాష్‌ని ఇంటికి పంపి చుట్టూ పోలీసుల్ని పెట్టారు. 1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక ఆయన ముస్లిం పెద్దమనిషి వేషంలో, మహమ్మద్ జియావుద్దీన్ అనే పేరుతో బయటపడ్డాడు. అన్న కొడుకు శిశిర్ బోస్ జర్మన్ కారు వాండరర్ నడిపి గోమో స్టేషన్ దాకా తీసుకెళ్లాడు. ఆ కారు ఇప్పటికీ అక్కడే ఉంది, బాగుచేసి పెట్టారు. ఆయన పడకగది నుంచి బయటికి నడిచిన దారిని నేలమీద పాదముద్రలతో గుర్తుపెట్టారు. ముందు ఆ దారిన నడిచి, తర్వాత గ్యాలరీలు చూడు. వీధివైపు ఏ కిటికీ లోంచి కాపలావాళ్లు కనబడతారు, ఏ గుమ్మం వాళ్లకి కనబడదు అని చూసుకుంటూ నడువు. పది రోజుల దాకా ఆయన గది ఖాళీ అని పోలీసులకు తెలియలేదంటే, భోజనం పళ్లేలు రోజూ లోపలికెళ్లి ఖాళీగా బయటికొచ్చేవి. ఇంట్లో పిల్లలు తినేసేవాళ్లు. చిన్నాడు ఈ ఇంటిని వదిలి రాడు చూడు. నాలుగు లోపల టిక్కెట్టు తీసుకోండి.

వాన పడిందా, ఉత్తర కలకత్తా జోలికి పోకండి. జనవరిలో భయం లేదు గాని వర్షాకాలంలో ఎవరైనా అడిగితే చెప్పు: ఆమ్హర్స్ట్ వీధి, ఠన్‌ఠనియా వైపు మోకాటిలోతు నీళ్లు నిలబడతాయి, రామమోహన్ రాయ్ ఇల్లు సరిగ్గా ఆ వీధిలోనే. నీ జాబితాలో ఆ ఇల్లు కొట్టేశాను, ఇంకోసారికి ఉంచుకో. బాగ్‌బజార్ కూడా కొట్టేశాను. సాయంత్రం ఖాళీ దొరికితే మాత్రం నాటకాల గిరీశ్ ఘోష్ ఇల్లు చూసి రా. రోడ్డు వేసినప్పుడు ఇంటిని కూల్చకుండా, రోడ్డునే రెండుగా చీల్చి అటూ ఇటూ పోనిచ్చారు. రోడ్డు వెడల్పు అనగానే పలుగు పట్టే మన మునిసిపాలిటీ వాళ్లని ఒకసారి తీసుకెళ్లి చూపించాలి.

గురువారం దేవుల్తీ. మీ అమ్మ కోసం పెట్టానిది. చక్రపాణి అనువాదాల్లో శరత్‌ని చదివి, శరత్ తెలుగువాడే అనుకుని పెరిగిన తరం ఆమెది. హౌరా స్టేషన్లో పాత భాగంలో నిలబడొద్దు, ఖరగ్‌పూర్ వైపు లోకల్ బండ్లు కొత్త కాంప్లెక్సు నుంచి పోతాయి. మేచెదా, పాన్స్‌కుడా, ఖరగ్‌పూర్ లోకల్ ఏదైనా సరే, దేవుల్తీలో ఆగేదేనా అని చూసుకుని ఎక్కు. గంటంబావు, గంటన్నర. పొద్దున ఎనిమిది ప్రాంతంలో జనమంతా సిటీలోకి వస్తుంటారు, నువ్వు ఎదురు వెళ్తావు గనక సీటు దొరుకుతుంది. తిరుగు ప్రయాణం సాయంత్రం అయిదు లోపల పెట్టుకుంటే అప్పుడూ అంతే. స్టేషన్ బయట టోటోలు, అంటే బ్యాటరీ ఆటోలు, ఉంటాయి. 'శరత్ కుఠి, సామ్‌తాబేడ్' అను. రానూపోనూ మాట్లాడుకుని అక్కడ గంటన్నర ఆగమను, లేకపోతే తిరిగి రావడానికి బండి దొరక్క పొలాల మధ్య నిలబడాలి.

శరత్‌బాబు 1903 నుంచి 1916 దాకా రంగూన్‌లో ఉన్నాడు. ఆ తర్వాత పల్లెలో స్థలం కొనుక్కుని బర్మా పద్ధతిలో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. కిందా మీదా చుట్టూ వరండాలు, పెంకుల కప్పు, ముందు తోట. జొరాసాంకోకి దీనికి పోలికే లేదు. అది లోపలికి తిరిగి కూర్చున్న ఇల్లు, ఇది బయటికి తిరిగి కూర్చున్న ఇల్లు. రాసుకునే బల్ల రూపనారాయణ నది వైపు వేసుకున్నాడు. అక్కడ నిలబడి నది ఏదని వెతక్కు, ప్రవాహం దూరం జరిగిపోయింది. వరండా చివర్నుంచి చూపు పొలాలు దాటితే గాని అందదు. 1978 వరదల్లో ఇల్లు బాగా దెబ్బతింటే జిల్లా పరిషత్తు మరమ్మతు చేయించింది. ఆయన ఊళ్లోవాళ్లకి హోమియోపతి మందులిచ్చేవాడు, ఆ గది అడిగి చూడండి. ఆవరణలో భార్య హిరణ్మయీదేవి సమాధి, సన్యసించిన తమ్ముడిది ఉన్నాయి. ఇక్కడ పెద్ద ఏర్పాట్లేమీ ఉండవు. కాపలా మనిషి భోజనానికి వెళ్తే తలుపు తాళమే. పొద్దున పది, పన్నెండు మధ్య ఉండేట్టు చూసుకోండి. మంచినీళ్లు, తినడానికి ఏదైనా వెంట ఉండాలి. మీ అమ్మని వరండాలో అరగంట కూర్చోనివ్వు, 'ఇంకేం చూద్దాం' అని తొందరపెట్టకు.

శాంతినికేతన్‌కి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే బేరం పెట్టుకోవద్దు. పదింటికి హౌరాలో బయల్దేరే శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ పేరు చూసి అందరూ ఎక్కుతారు. అది బోల్పూర్ చేరేసరికి పన్నెండున్నర, మ్యూజియం మధ్యాహ్నం విరామం ఒంటిగంటకి. తెరిచాక రెండు గంటలు మిగులుతాయి, అప్పటికే తిరుగు బండి టైము. శుక్రవారం ఆరింటి గణదేవత ఎక్కు, తొమ్మిదికల్లా అక్కడుంటావు. రాత్రికి అక్కడే ఉండి శనివారం మిగతాది చూసి రా. పౌష్ మేళా, వసంతోత్సవం రోజుల్లో అయితే గది కూడా దొరకదు, నీకా బాధ లేదు.

ఉత్తరాయణ్ ఆవరణలో రవీంద్రుడు మార్చి మార్చి ఉన్న అయిదు ఇళ్లున్నాయి: కోణార్క్, ఉదయన్, శ్యామలి, పునశ్చ, ఉదీచి. పెద్ద మేడ ఉదయన్ దగ్గరే అందరూ ఆగిపోతారు. నువ్వు శ్యామలి దగ్గర ఆగు. 1935లో కట్టిన మట్టి ఇల్లు. గోడలే కాదు, కప్పు కూడా మట్టితోనే. పల్లెల్లో గడ్డి కప్పులు అంటుకుని ఊళ్లకు ఊళ్లు కాలిపోతుంటే, మట్టి కప్పు నిలబడుతుందేమో చేసి చూద్దామని ఆయన పట్టుదల. సురేంద్రనాథ్ కర్ నమూనా గీశాడు, నందలాల్ బోస్, ఆయన శిష్యులు గోడలమీద బొమ్మలు దిద్దారు. గుమ్మం పక్కన సంతాలు గిరిజనుల బొమ్మలు శిల్పి రామ్‌కింకర్ చేతివి. 1940లో గాంధీ, కస్తూర్బా వచ్చినప్పుడు ఉన్నది ఈ ఇంట్లోనే. మట్టి కప్పు వానకి ఎప్పుడూ బెడదే, ఎప్పటికప్పుడు చూసుకుంటే గాని నిలవదు. ఒక్కోసారి పనులు జరుగుతూ లోపలికి రానివ్వరు, బయట చుట్టూ తిరిగి చూసినా చాలు. దీన్ని చూశాక అక్కడి చిత్రకళా విభాగం కళాభవన్‌లో మట్టి, తారు కలిపి కట్టిన 'కాలో బాడీ' కూడా చూస్తే ఆ ప్రయోగం ఎటు సాగిందో తెలుస్తుంది. తరగతులు జరిగేటప్పుడు ఆశ్రమం వైపు బయటివాళ్లని రానివ్వరు, కాబట్టి దాన్ని తర్వాతకు ఉంచుకో. రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి చదువుకున్న చెట్లు అవి.

అక్కడి మ్యూజియంలో తనిఖీలు గట్టిగా ఉంటే విసుక్కోకు. 2004 మార్చిలో నోబెల్ పతకం దొంగలెత్తుకుపోయారు, ఇప్పటికీ దొరకలేదు. అద్దంలో ఉన్నది నకలు. బ్యాగులు లోపలికి రానివ్వకపోవడానికి కారణం అదే.

వెంట ఉండాల్సినవి: చెప్పులు వేసుకోవడానికి గుడ్డసంచి ఒకటి, అందరికీ మేజోళ్లు, పది, ఇరవై నోట్ల కట్ట, చిన్న టార్చి. టార్చి కప్పు దూలాలు చూడటానికి, పటాల మీద కొట్టడానికి కాదు. నోటుపుస్తకానికి పెన్సిలే తీసుకో, కొన్నిచోట్ల పెన్ను వద్దంటారు. తాడు కట్టిన చోట తాడు బయటే ఉండాలి, మంచం అంచున కూర్చుని ఫొటో దిగడం ఆడపెళ్లివారింట్లో కూడా మర్యాద కాదు. మీ అమ్మని మెట్లెక్కించేటప్పుడు ముందు కోడలు, వెనక నువ్వు. దిగేటప్పుడు ముందు నువ్వు. ఎక్కలేనంటే బతిమాలొద్దు, ఏ ఇంట్లోనైనా కింది ఉఠాన్‌లో కూర్చోబెడితే ఆమెకి కావలసింది అక్కడే దొరుకుతుంది. భాష గురించి బెంగ వద్దు, హిందీ నడుస్తుంది. కాపలా మనిషిని 'దాదా' అను, ఆడమనిషిని 'దీదీ' అను. తాళం వేసిన గది గురించి మర్యాదగా అడిగితే తెరిచిన సందర్భాలు ఎక్కువే.

తిరుగు ఫలక్‌నుమా కటక్‌లో ఆగుతుంది. సుభాష్ పుట్టింది అక్కడ, 1897 జనవరి 23న. ఒడియా బజారులో వాళ్ల ఇల్లు జానకీనాథ్ భవన్ మ్యూజియం చేశారు. ఓపిక ఉంటే టిక్కెట్టు కటక్‌లో తెంపి మర్నాటి బండికి తీసుకో, ఆ ఇంట్లో పుట్టినవాడు ఎల్గిన్ రోడ్డు ఇంట్లోంచి ఎలా మాయమయ్యాడో చిన్నాడే గైడై చెప్తాడు. ఆ టిక్కెట్లు మాత్రం ఇప్పుడే తీసుకో, జనవరిలో ఆ లైనులో వెయిటింగ్ లిస్టు కదలదు.

మీ మావయ్య
విశాఖపట్నం